టెక్కలి–పలాస దారిలో పిల్లల్తో భోజనం

పదహారో నంబరు జాతీయ రహదారి మీద టెక్కలి దాటి పలాస వైపు సాగితే 'ఫ్యామిలీ రెస్టారెంట్' బోర్డులకు కొదవ ఉండదు. లోపలికి వెళితే ఏసీ గది, మెత్తటి సోఫాలు, ఎక్కడో గోడకు టీవీ. మెనూ చేతికిస్తారు. చికెన్ 65, గోబీ మంచూరియా, బటర్ నాన్, దమ్ బిర్యానీ. అదే కార్డు విజయవాడలో ఇచ్చినా, వరంగల్లులో ఇచ్చినా ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. "గుంటడికి కారం లేకుండా ఏటుంది బావూ?" అని అడిగితే "ఎగ్ ఫ్రైడ్ రైస్ ఉంది సార్" అంటాడు సర్వరు. గుంటడు సాసు తిని కడుపు నింపుకుంటాడు. పెద్దవాళ్లు ఎక్కడైనా దొరికే బిర్యానీ తిని లేస్తారు. అందరి ఆకలీ తీరుతుంది గానీ, ఈ నేల రుచి ఎవరి నాలుకకూ తగలదు.

తిండి మీద మోజున్న తల్లిదండ్రులకూ, అన్నం ముందు మారాం చేసే పిల్లలకూ ఒకే బల్ల దగ్గర కుదురుతుందా అన్నది ప్రతి ఊరిలోనూ ఉన్న ప్రశ్నే. మామూలుగా చెప్పే జవాబు, ఎవరో ఒకరు సర్దుకోవాలని. మూలపేట, భావనపాడు, నౌపడ, వజ్రపుకొత్తూరు, పలాస – ఈ తీరం సంగతి వేరని నా అభిప్రాయం. ఇక్కడ పెద్దలు వెతుక్కునే తిండీ, పిల్లలకు సరిపడే తిండీ చాలావరకు ఒకటే. అది హోటలు కార్డు మీదికి ఎక్కలేదు, అంతే.

ఉత్తరాంధ్ర ఇంటి వంట కారంతో నాలుక మండించే వంట కాదు. పులుసులో బెల్లం పడుతుంది. ఆనపకాయకు పాలు పోస్తారు, అరటికాయకూ పనసకాయకూ ఆవ పెడతారు. కొబ్బరి చెట్టు పెరట్లోనే ఉంటుంది కాబట్టి కూరలోకీ పచ్చడిలోకీ కొబ్బరి ధారాళంగా దిగుతుంది. గుమ్మడికాయ పులుసు, ముద్దపప్పు, చోడి అంబలి, కొబ్బరి లస్కోరా – వీటిలో నాలుగేళ్ల పిల్ల తినలేనిది ఏదీ లేదు. పట్నం నుంచి వచ్చిన భోజనప్రియుడు సంబరపడి ఫోటో తీసుకోనిదీ లేదు. ఈ తీరంలోని ఉద్దానం ప్రాంతపు పనసకాయ లారీలకెక్కి ఒడిశాకూ బెంగాలుకూ పోతుంది. పెళ్లిళ్లలో పనసకాయ మసాలా కూర వడ్డిస్తే మాంసం అనుకుని పొరబడే చుట్టాలు ఇప్పటికీ ఉన్నారు. మరి రోడ్డు పక్క హోటల్లో పనసకాయ కూర ఏదని అడిగితే, పనీర్ బటర్ మసాలా తెమ్మంటారా అంటారు.

ఇలా ఎందుకయిందో తెలియాలంటే మన హోటలు ఎవరి కోసం పుట్టిందో చూడాలి. క్రీడాభిరామం అనే పాత వీధినాటకంలో ఓరుగల్లు పూటకూటింటి భోజన వర్ణన ఉంది. కర్పూరభోగి అన్నం, గోధుమ పిండివంట, నెయ్యి, అరటిపళ్లు, అన్నీ కలిపి ఒక్క రూక. తినేది ఊరు చూడవచ్చిన మగవాళ్లు. గురజాడ కన్యాశుల్కం 1892లో మొదట ఆడింది, 1897లో అచ్చయింది. అందులో విజయనగరం పూటకూళ్లమ్మ దగ్గర తిన్నదీ ఒంటి మగవాళ్లే. తర్వాత వచ్చిన మెస్సులు గుమాస్తాల కోసం, ప్లీడర్ల కోసం, రైల్వే ఉద్యోగుల కోసం. బల్ల ఎత్తు, బెంచీ వెడల్పు, కారం మోతాదు, వడ్డించే వేగం, ఎంగిలాకు తీసే తొందర – అన్నీ వాళ్ల లెక్కనే కుదిరాయి. పిల్లలు హోటలు గుమ్మం ఎక్కింది సినిమాకెళ్లిన రోజున దోశ కోసమో, ఆసుపత్రికెళ్లిన రోజున ఇడ్లీ కోసమో. ఆడవాళ్లూ పిల్లలూ రావడం మొదలయ్యాక తెర కట్టి 'ఫ్యామిలీ రూమ్' అన్నారు. గది మారింది, వంట మారలేదు.

బయటి దేశాలు ఈ చిక్కును వేరుగా విప్పాయి. ఆ పద్ధతులన్నీ మనకు పనికొస్తాయని కాదు. అమెరికాలో మద్యనిషేధం వచ్చిన 1920లలో బారు రాబడి పోగొట్టుకున్న పెద్ద హోటళ్లు పిల్లల మీద దృష్టి పెట్టి వేరే మెనూలు అచ్చేశాయి. ఉడకబెట్టిన కూరలు, చప్పిడి మాంసం, బొమ్మల కార్డులు. అదే పోగా పోగా చికెన్ నగెట్లూ ఫ్రెంచ్ ఫ్రైలుగా స్థిరపడి ప్రపంచమంతా పాకింది. జపాన్ దారి వేరు. టోక్యో నిహొన్‌బాషిలోని మిత్సుకోషి అనే పెద్ద దుకాణం 1930 డిసెంబరులో పిల్లల పళ్లెం ఒకటి మొదలుపెట్టింది. పెద్దలు తినే పదార్థాలే కొంచెం కొంచెంగా పెట్టి, అన్నం గుట్ట మీద చిన్న జెండా గుచ్చి ఇచ్చేవారు. ఇప్పటికీ ఆ దేశంలో పిల్లల భోజనమంటే అదే తీరు. నాకు ఈ రెండోది నచ్చుతుంది. తమిళ హోటళ్లు సాంబారులో తేల్చే బుల్లి ఇడ్లీలదీ అదే తెలివి. వంట అదే, పరిమాణం మారిందంతే. పిల్లల కోసమని పెట్టినవాటిని పెద్దలే ఎక్కువగా లాగించేస్తున్నారన్నది వేరే సంగతి.

మన దగ్గర ఆ పరిమాణం దగ్గరే బండి ఆగిపోతోంది. ఫుల్ మీల్స్ పెట్టే హోటల్లో గోడ మీద 'షేరింగ్ కుదరదు' అని రాసి ఉంటుంది. అయిదేళ్ల పిల్లవాడు తినేది గుప్పెడు పప్పన్నం, రెండు చెంచాల పెరుగు. డబ్బు మాత్రం నిండు మనిషి డబ్బు. ఆర్టీసీ బస్సులో అయిదు నుంచి పన్నెండేళ్ల వాళ్లకు అర టికెట్టు. రైలులో బెర్తు అక్కర్లేదంటే వాళ్లకు అదే లెక్క. భోజనం దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క మాయమవుతుంది. దాంతో తల్లిదండ్రులు ఏం చేస్తారు? 'ప్లేటు' లెక్కన వచ్చే ఫ్రైడ్ రైస్ చెప్తారు, దాన్ని ముగ్గురు పిల్లలు పంచుకోవచ్చు కాబట్టి. పిల్లలు ఫ్రైడ్ రైస్‌కు అలవాటు పడ్డారని వాపోయేవాళ్లు ఈ ధరల పట్టీ ఒకసారి చూడాలి. హోటలువాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. అన్‌లిమిటెడ్ భోజనంలో ఒకే ఆకు మీద ఇద్దరు పెద్దలు తినేస్తే వాళ్లకు గిట్టదు. చిన్న పళ్లెంలో ఒక్కసారే వడ్డించి సగం ధర తీసుకుంటే ఆ గొడవ ఉండదు. అడిగితే కొన్ని చోట్ల ఒప్పుకుంటారు కూడా. అడిగే అలవాటు మనకూ లేదు.

ఇక ఈ దారిలో తినడానికి ఏమేం రకాల చోట్లున్నాయో చూద్దాం. పొద్దున పూట చిక్కు లేదు. టెక్కలిలోనూ పలాసను ఆనుకున్న కాశీబుగ్గలోనూ వీధి టిఫిను బళ్ల దగ్గర ఇడ్లీ, దిబ్బరొట్టి, పునుగులు ఉంటాయి. ఇడ్లీ ఆవిరి మీద ఉడికింది, కళ్ల ముందు తీసింది, పసిపిల్లలకు ఇంతకన్నా భద్రమైన బయటి తిండి లేదు. కొబ్బరి పచ్చడిలో మిరపకాయ ఎంత పడిందో మాత్రం ముందు మీరు నాకి చూడండి. పిల్లల్తో హోటలు భోజనం మొదలుపెట్టదలచినవాళ్లు మధ్యాహ్నంతో కాక పొద్దుటి టిఫినుతో మొదలుపెట్టడం తెలివైన పని. త్వరగా వస్తుంది, త్వరగా అయిపోతుంది, నచ్చకపోయినా నష్టం తక్కువ.

మధ్యాహ్నానికి నా ఓటు మెస్సుకే. చూడ్డానికి బాగుండదు, ఏసీ ఉండదు, చేతులు కడిగే చోట నీళ్లు కారుతుంటాయి. కానీ పప్పు, వేపుడు, పులుసు, చారు, పెరుగు ఉంటాయి. పిల్లవాడికి అయిదింట్లో రెండైనా నచ్చుతాయి, పెద్దలకు అయిదూ నచ్చుతాయి. వంట చేసేది ఇంటావిడే అయితే ఆ కూర పక్కా ఈ ఊరి కూరే. పన్నెండుంబావుకల్లా వెళ్లాలి. ఒంటిగంట దాటితే బ్యాంకులవాళ్లు, ఆఫీసులవాళ్లు, లారీలవాళ్లు అంతా ఒక్కసారి దిగుతారు. అప్పుడు వడ్డించేవాడికి మీ పాప వైపు చూసే తీరిక ఉండదు. పన్నెండింటికైతే పప్పు తాలింపు పడకముందే ఒక గిన్నెలోకి తీసి పెట్టమనవచ్చు. నెయ్యి ఒక చుక్క ఎక్కువ వేయమనవచ్చు. ఈ చిన్న ఉపకారం ఏ రెస్టారెంటు కార్డు మీదా అచ్చయి ఉండదు.

రహదారి ధాబాలు రాత్రి ప్రయాణాలకు పనికొస్తాయి. పిల్లలు తిరగడానికి జాగా ఉంటుంది, నులక మంచం ఉంటే వాళ్లకు పండగే. అయితే ఆ జాగా పక్కనే లారీలు వెనక్కి తీస్తుంటాయి, ఒక కన్ను అటే ఉంచాలి. బిర్యానీ పాయింట్ల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. పార్సిలు కట్టించుకుని ఇంట్లో పెరుగు కలిపి పెట్టుకోవడం మేలు. పలాస స్టేషను చుట్టుపక్కల తినాల్సి వస్తే రైలు వచ్చే వేళలు తప్పించండి. బరంపురం దగ్గర కాబట్టి ఒడియా రుచులు ఈ వైపు కొంత జరిగాయి. పప్పులో కూరగాయలు వేసి ఉడికించే దాల్మా ఎక్కడైనా కనబడితే పిల్లలకు వెంటనే చెప్పండి, కారం తక్కువ, మెత్తగా ఉంటుంది.

చేపల మాట కొంచెం ఎక్కువసేపు మాట్లాడాలి. ఈ తీరానికి వచ్చి చేప తినకుండా పోయేవాళ్లు తక్కువ, పిల్లల విషయంలో భయపడేదీ దాని దగ్గరే. భయం ముళ్లది. కవళ్లు, నెత్తళ్లు ఎంత రుచైనా చిన్నపిల్లల పళ్లెంలోకి వద్దు. వంజరం, కోనాం లాంటి పెద్ద చేపల ముక్కకు నడుమ వెన్నుముల్లు, దాని చుట్టూ తీయడానికి వీలైన కండ ఉంటుంది. చందువ కూడా అంతే, తేలికగా విడిపోతుంది. పులుసులో ముక్క తీసి, ముల్లు ఏరి, వేళ్లతో రెండుసార్లు నలిపి చూసి, అన్నంలో కలపండి. కారం ఎక్కువగా ఉందనిపిస్తే ముక్కను చారులో ముంచి తీస్తే సరిపోతుంది. మరొకటి, తూర్పు తీరమంతా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మర పడవల వేట నిషేధం. బడి సెలవులూ అప్పుడే, పట్నాల్నుంచి మనవలు వచ్చేదీ అప్పుడే. ఆ రెండు నెలల్లో హోటల్లో 'తాజా వంజరం' అంటే ఎక్కడిదని అడగండి. తెప్పల వాళ్లు దగ్గర్లో పట్టింది కావచ్చు, ఐసులో దాచింది కావచ్చు. ఏమీ తేలకపోతే పెద్దలు చెరువు శీలావతి చెప్పుకోవడమే నయం, పిల్లలకు ఆ సెలవులకు సరిగ్గా చేతికొచ్చే పనసకాయ.

జీడిపప్పు దగ్గర జాగ్రత్త మరో రకం. పలాస అంటేనే జీడిపప్పు. కాశీబుగ్గ వీధుల్లో బట్టీల వాసన, గింజ కొట్టి పొట్టు తీసే ఆడవాళ్ల చేతులు, గ్రేడు గ్రేడుకూ విడివిడి సంచులు. పౌనుకు 180 గింజలు తూగేది పెద్ద పప్పు, 320 తూగేది మామూలు పప్పు, ఆ తర్వాత బద్ద, ముక్క. ఇక్కడి వాళ్లు కోడికూరలోనూ జీడిపప్పు వేస్తారు, విడిగా కూరే వండుతారు, పాకం పడతారు. తియ్యగా, మెత్తగా ఉంటుంది కాబట్టి పిల్లలు ఎగబడతారు. కానీ నాలుగైదేళ్లలోపు వాళ్లకు నిండు గింజలు పెట్టవద్దని పిల్లల వైద్యులు గట్టిగా చెప్తారు. నవ్వుతూ, పరిగెడుతూ తింటే గొంతుకు అడ్డం పడుతుంది. రుబ్బి గ్రేవీలో కలిపితే ఆ ప్రమాదం ఉండదు. హోటల్లో చెప్పేటప్పుడు "పాపకి గ్రేవీ వరకే" అంటే చాలు. కొన్నప్పుడూ చిన్నపిల్లలున్న ఇంటికి ముక్క కొని పొడి చేసుకోవడం మంచిది, ధర కూడా తక్కువ. జీడిపప్పు పడని పిల్లలూ ఉంటారు. మొదటిసారి తినిపించేది ఇంట్లో, కొద్దిగా, పగటిపూట అయితే మేలు. ఇంటికి దూరంగా రాత్రిపూట ధాబాలో మాత్రం వద్దు.

పిల్లలు కొత్త రుచి అంటే వెనక్కి తగ్గడం పెంపకం లోపం కాదు. రెండు నుంచి ఆరేళ్ల మధ్య ఆ బెరుకు సహజంగానే ఎక్కువ. లీయాన్ బర్చ్ అనే అమెరికన్ పరిశోధకురాలు, ఆమె తోటివాళ్లు చేసిన పనిలో తేలిందేమిటంటే, కొత్త పదార్థం ఎనిమిది పది సార్లు, ఒక్కోసారి పదిహేను సార్లు ముందుకు వస్తే గానీ పిల్లలకు చనువు కలగదు. బలవంతం చేస్తే ఇష్టం పెరగకపోగా తగ్గుతుంది. ఎలిన్ సాటర్ అనే పోషకాహార నిపుణురాలు బాధ్యతలు పంచింది. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దల వంతు. ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అన్నది పిల్లల వంతు. మన మెస్సు భోజనంలో ఈ రెండూ వాటంతట అవే అమరుతాయి. ఆకులో అయిదారు పదార్థాలు పడతాయి, తెలిసిన పెరుగు పక్కన తెలియని పనసకాయ ఉంటుంది. ముట్టుకోకపోతే ఎవరి కొంపా మునగదు, పక్కనున్న నాన్న తినేస్తాడు. కార్డు చూసి ఒకే వంటకం ఎంచుకునే పద్ధతిలో ఈ వీలు లేదు. డబ్బు పెట్టి చెప్పాం, తినాల్సిందేనని కోపాలొస్తాయి. ఫోను చూపిస్తూ తినిపించడం గురించి ఏమీ అనను, అనే అర్హత ఉన్నవాళ్లు ఎవరో కూడా తెలియదు.

నీళ్ల సంగతి ఉద్దానంలో తేలిగ్గా తీసుకునేది కాదు. మూత్రపిండాల జబ్బు ఇక్కడి ఊళ్లను పీడించడం మొదలై దశాబ్దాలయింది, కారణం ఇదీ అని పరిశోధకులు ఇంకా తేల్చలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో రెండు వందల పడకల ఆసుపత్రీ కిడ్నీ పరిశోధన కేంద్రమూ తెరిచారు. హిరమండలం జలాశయం నుంచి తాగునీరు తెచ్చే పథకాన్నీ అప్పుడే ప్రారంభించారు. జబ్బుకు మూలం నీళ్లేనని ఎవరూ రుజువు చేయలేదు గానీ, పిల్లల్తో వెళ్లేవాళ్లు ఇంటి నీళ్లు సీసాలో పట్టుకెళ్లడం ఇక్కడ ఎవరికీ నామోషీ కాదు. కొబ్బరి బొండం ఉండనే ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి లక్షల చెట్లు కూల్చినా, ఉద్దానంలో బొండం దొరుకుతూనే ఉంది.

నూనె కూడా చూడండి. ఒకే నూనెను పదేపదే కాచడం మీద ఆహార భద్రతా సంస్థ 2018 జూలై నుంచి హద్దు పెట్టింది. పాడయిన పదార్థాల పాలు నూటికి 25 దాటితే ఆ నూనె వాడరాదు. కొలిచే పరికరం మన జేబులో ఉండదు. మూకుడు అంచు నల్లబడి, నురగ కట్టి, కళ్లు మండే పొగ వస్తుంటే ఆ రోజుకు పునుగులు మానేసి ఇడ్లీ తినాలి. లైసెన్సు నంబరు పద్నాలుగు అంకెలు గోడ మీద ఉందా, చేతులు కడిగే చోట సబ్బుందా, మరుగుదొడ్డి తలుపుకు గడియ పడుతుందా – రుచి గురించి ఆలోచించే ముందు తల్లులు ఈ మూడూ చూసేస్తారు. నా అనుభవంలో మూడోది బాగున్న చోట మొదటి రెండూ బాగానే ఉంటాయి.

ఫోనులో చుక్కల లెక్క చూసి హోటలు ఎంచుకునేవాళ్లు ఒకటి గమనించాలి. రహదారి హోటళ్లకు చుక్కలు వేసేది ఎక్కువగా దారినపోయేవాళ్లు. వాళ్లు మెచ్చుకునేది పార్కింగు, పరిమాణం, త్వరగా తెచ్చారన్న సంగతి. ఊళ్లో రోజూ తినేవాడు చుక్కలు వేయడు, రేపు మళ్లీ వస్తాడంతే. కాబట్టి చుక్కలకన్నా ఫోటోలు చూడండి. వాటిలో ఆకు ఉందా, పెరుగు గిన్నె ఉందా, పిల్లలు ఎవరైనా కూర్చుని ఉన్నారా? లేదంటే మందుల షాపులోనో బ్యాంకులోనో అడగండి, "మీరు మధ్యాహ్నం ఎక్కడ తింటారు?" అని. మంచి హోటలు ఏదని అడిగితే మాత్రం ఏసీ ఉన్న చోటు చూపిస్తారు.

టెక్కలి దగ్గరి తేలినీలాపురం కొంగలు చూడ్డానికి చలికాలంలో పిల్లల్ని తెచ్చేవాళ్లు, భావనపాడు ఒడ్డుకో బారువ ఒడ్డుకో వచ్చేవాళ్లు హోటలు కోసం వెతికి అలసిపోనక్కర్లేదు. కార్తీకంలో ఈ ప్రాంతమంతా జీడితోటల్లోనే భోంచేస్తుంది. పొద్దున్నే మెస్సులో చెప్పి కేరేజీలు కట్టించుకుని తోట నీడకు పోతే, పిల్లలు రెండు ముద్దలు తిని పరిగెత్తి మళ్లీ వచ్చి మూడు ముద్దలు తింటారు. అరుపులకు పక్క బల్లవాళ్లు ముఖం చిట్లించరు. తోట యజమానిని ముందు అడగాలి, ఆకులు మళ్లీ సంచిలో వేసుకుని రావాలి. వనభోజనాన్ని కార్తీకానికే ఎందుకు కట్టేశామో నాకు అర్థం కాదు.

ఇప్పుడు మూలపేట. ఒకప్పుడు భావనపాడు ఓడరేవుగా అనుకున్న దానికి 2023 ఏప్రిల్ 19న ఇక్కడ శంకుస్థాపన జరిగింది. తొలి దశ సామర్థ్యం ఏడాదికి 23.5 మిలియన్ టన్నులని ప్రకటించారు. రేవు పని మొదలైన చోట తిండి వ్యాపారం ఎలా పెరుగుతుందో చూసినవాళ్లకు తెలుసు. ముందు పనివాళ్ల క్యాంటీన్లు, తర్వాత డ్రైవర్ల ధాబాలు, ఆ తర్వాత ఇంజనీర్లు కాపురాలు తెచ్చుకున్నాక ఏసీ 'ఫ్యామిలీ' గదులు. ఆ మూడో దశలో ఒడిశా నుంచీ బెంగాలు నుంచీ తమిళనాడు నుంచీ పసిపిల్లల్తో వచ్చే కుటుంబాలకు వడ్డించేది మళ్లీ గోబీ మంచూరియానే అయితే, పక్క ఊరి పొదుపు సంఘం ఆడవాళ్లు పెళ్లిళ్లకు వండే వంట పెళ్లిళ్లకే మిగిలిపోతుంది. వంట వచ్చినవాళ్లు ఉన్నారు, సరుకు పెరట్లోనే ఉంది. కావాల్సింది ఒక చిన్న గది, ఎత్తు తక్కువ బల్లలు రెండు, సగం ధర పళ్లెం ఒకటి, రోజుకో ఊరి కూర. టెక్కలిలోనో నౌపడలోనో ఎవరైనా మొదలుపెడితే తొలి వారం గల్లా పెట్టె నిండదు. ఆదివారం మధ్యాహ్నం కొంగల కోసం వచ్చే కార్లను చూసుకుని, శనివారం సాయంత్రమే ఫోను మీద లెక్క తీసుకుని వండితే నెల తిరిగేసరికి నిలదొక్కుకోవచ్చు.